ఏటవాలు కప్పు బండి

“నువ్వు రంగు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంట” అన్నాడు మా ఆయన, నేను సింకు దగ్గర చేపల గిన్నె తోముతుంటే. నాకేదో వరం ఇస్తున్నట్టుంది ఆ గొంతు. చేతికి సబ్బు ఉండగానే మట్టి రంగు అన్నాను. హసన్‌పర్తి నుంచి హన్మకొండ దాకా రోజూ తిరిగే బండి, దుమ్ము కనపడదు, కడగాల్సింది ఎలాగూ నేనే కదా అని. భానుచందర్ నన్ను జాలిగా చూశాడు. తెల్లటి ఒళ్లు, నల్లటి కప్పు. అది ఎప్పుడో ఖాయమైపోయిందట. మరి నన్నెందుకు అడిగినట్టు? రేపు ఎవరైనా అడిగితే, ‘మా సుభాషిణిని అడిగే తీసుకున్న’ అని చెప్పుకోవడానికి. మా ఇంట్లో నా అభిప్రాయం పనికొచ్చేది అంతవరకే.

ఆయన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్తాడు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఇద్దరం ఒకే వేళకు ఇల్లు చేరతాం. చేరాక నేను బియ్యం కడుగుతాను, ఆయన ఫోన్‌లో కొత్త చిన్న ఎస్‌యూవీల వీడియోలు చూస్తాడు. ముందు భాగం ఎంత గంభీరంగా ఉందో, చక్రాలు ఎంత పెద్దవో, వెనక్కి వాలిన కప్పు ఎంత సొగసుగా ఉందో నాకు వినిపించేలా చెప్తాడు. ఆ నడుము చూడు, ఆ భుజం చూడు అంటాడు. బండికి నడుమూ భుజమూ ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆయన మరిచి చాలా కాలమైంది.

డిజైన్ విషయంలో మా ఆయనకు తిరుగులేదు. ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా అంతే. వంటింటికి తలుపు వద్దన్నాడు, ఓపెన్‌గా ఉంటే అందం అన్నాడు. పోపు పెట్టిన ప్రతిసారీ హాల్లో కూర్చుని దగ్గేది ఆయనే, కిటికీ తెరవలేదని నన్ను కసిరేది ఆయనే. అలమరాలు పైకప్పు దాకా కట్టించాడు. పై అరలో ఏముందో స్టూల్ ఎక్కితే తప్ప నాకు తెలియదు, ఎక్కే అవసరం ఆయనకు రాలేదు. బాత్రూంలో గచ్చు గరుగ్గా ఉండాలని నేను మొత్తుకుంటే, అద్దంలా మెరిసే నల్ల టైల్స్ వేయించాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నీళ్ల మరకలు పోయేదాకా వాటిని రోజూ గుడ్డ పెట్టి తుడిచింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

ఆ టైల్స్ మీదే మా అత్తమ్మ జారి పడింది.

అత్తమ్మ పేరు సరోజన. కొత్తవాడలో మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం ఇంటికే కోడలైంది. గొంతుక్కూర్చుని నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె కీళ్లు ముందే అరిగిపోయాయి. పడ్డ రోజు తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద మూలుగుతున్న తల్లితో కొడుకు అన్న మొదటి మాట, “చూసుకుంట నడవాలె కదనే.” టైల్స్ గురించి ఆయన ఆ రోజూ అనలేదు, ఈనాటికీ అనలేదు. ఆమె కూడా, “నా కాళ్లే మంచిగ లెవ్వు బిడ్డా” అని తప్పు తన మీదే వేసుకుంది. పెంచడమంటే ఇదీ అనుకున్నాను.

ఆపరేషన్ అయింది. వాకర్ వచ్చింది. హన్మకొండ దవాఖానలో ఫిజియోథెరపీ మొదలైంది. ఆటో పిలవడం, ఆమె చంకల కింద చేతులు వేసి లేపడం, ఎక్కించడం, దింపడం, గోడ పట్టించి నడిపించడం, తిరిగి తెచ్చి స్నానం చేయించి కాలేజీకి పరుగెత్తడం నా వంతు. భానుచందర్‌కు సరిగ్గా ఆ వేళకే కాలేజీలో ఇన్‌స్పెక్షన్‌లు పడేవి. నా నడుము పట్టేసి ఒక ఉదయం మంచం దిగలేకపోతే, “ఈ వయసుల అందరికుంటది, నడుం బెల్ట్ పెట్టుకో” అన్నాడు. ఆటోలో తల్లికి కుదుపులు ఎక్కువవుతున్నాయని ఆయనకు తోచింది మాత్రం నిజం. అప్పటి నుంచి చుట్టాలందరికీ ఫోన్లు చేసి, “అమ్మ కోసమే బండి కొంటాన” అని చెప్పాడు. చుట్టాలు కళ్లొత్తుకున్నారు. అత్తమ్మ నిజంగానే ఏడ్చింది.

అమ్మ కోసమే అన్నాడు కదా అని షోరూంకు వెళ్లేటప్పుడు నేను వాకర్ మడిచి స్కూటీ ముందు పెట్టుకుని తీసుకెళ్లాను. భానుచందర్ ముందే వెళ్లి కూర్చున్నాడు. హరీష్ అనే సేల్స్‌మన్ ఆయనకు కాఫీ ఇచ్చి, నా చేతిలో రంగుల కార్డు పెట్టాడు. రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నిటారుగా, నలుచదరంగా ఉంది. తలుపు తీస్తే పూర్తిగా తెరుచుకుంది. సీటు నా తుంటి ఎత్తులో ఉంది, వంగకుండా, ఎగరకుండా అలా వెనక్కి జరిగి కూర్చోవచ్చు. పట్టుకోవడానికి లోపల పిడి ఉంది. ఏసీకి తిప్పే నాబ్‌లు ఉన్నాయి. వెనక డిక్కీలో వాకర్ మడవకుండానే పట్టింది. రెండోది ఆయన కలలు కన్న బండి. వాలు కప్పు, తెరుచుకునే గాజు పైకప్పు, లోపల రంగురంగుల దీపాలు, ఏసీ పెంచాలన్నా తెర మీద వెతకాల్సిందే. వెనక తలుపుకు పిడి ఎక్కడుందో నాకు దొరకలేదు. కిటికీ మూలలో దాచారట, అదే స్టైలట. తలుపు తీసి తల వంచి లోపలికి దూరాను. కూర్చున్నాక జుట్టు కప్పుకు తగిలింది. దిగాలంటే మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. నాకే ఇలా ఉంటే వంగని కాలుతో అత్తమ్మ ఎలా ఎక్కుతుంది? డిక్కీ అంచు ఎత్తుగా ఉంది. వాకర్ ఎత్తి అందులో పెడుతుంటే హరీష్ నవ్వు ఆపుకున్నాడు.

భానుచందర్ ముఖం ఎర్రబడింది. నన్ను పక్కకు పిలిచి, “ఇజ్జత్ తీస్తానవ్. గదెందుకు తెచ్చినవ్?” అన్నాడు.

“అత్తమ్మ కోసమే కదా బండి. అది పట్టాలె, ఆమె పట్టాలె.”

“ఆ డబ్బా బండా? అంబులెన్స్ లెక్కున్నది.”

మనకు కావాల్సింది దాదాపు అదే కదా అన్నాను. ఆయన హరీష్ వైపు తిరిగి, ఆడవాళ్లకు డిజైన్ అర్థం కాదన్నట్టు నవ్వాడు. హరీష్ కూడా నవ్వాడు, అతనికి అది ఉద్యోగం. గాలిని కోసుకుంటూ పోవడానికి కప్పు అలా వాలుగా ఉంటుందని, ఫిజిక్స్ చెప్పేదానివి ఆ మాత్రం తెలియదా అని మా ఆయన నాకు పాఠం మొదలుపెట్టాడు. మా దారిలో అడుగుకో స్పీడ్ బ్రేకర్, మధ్యలో బర్రెలు, వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఆ వేగానికి గాలి వచ్చి మమ్మల్ని ఆపుతుందా? ఆ మాట పైకి అనలేదు. అంత చదువుకున్న మనిషికి ఎదురు చెప్పడం కూడా ఒక చాకిరీయే. అప్పటికే నాకు చాలా చాకిరీ ఉంది. చివరిసారిగా ఒక్కటే అడిగాను, వెనక సీటులో ఒక్కసారి కూర్చుని చూడమని.

“వెనుక సీట్ల ఎవలు కూసుంటరు?” అన్నాడు. హేళన కాదు. ఆ సీటులో మనుషులు ఉంటారని ఆయనకు నిజంగానే తోచలేదు.

బండి ఇచ్చే రోజు అత్తమ్మకు పట్టుచీర కట్టి ఆటోలో షోరూంకు తీసుకెళ్లాను. బండి మీద ఎర్రటి పట్టుగుడ్డ కప్పి ఉంది. కొడుకు దాన్ని లాగాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఆయన ఫోటో దిగాడు. తల్లిని పక్కన నిలబెట్టి, వాకర్ మాత్రం ఫోటోలో పడకుండా తీయమన్నాడు. ఆ రెండు నిమిషాలూ ఆమె బరువంతా నా భుజం మీద ఉంది, ఫోటోలో నేను లేను. తర్వాత భద్రకాళి గుడికి పోయి పూజ చేయించాలి. అమ్మను ఎక్కించమని నాకు చెప్పి ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

ముందు సీటులో కొబ్బరికాయలు, పూలదండ, స్వీట్ల డబ్బా ఉన్నాయి. అవి తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. వెనక తలుపు తీశాను. అత్తమ్మ మొదట తల పెట్టింది, కాలు రాలేదు. కాలు పెడితే తల కప్పు అంచుకు కొట్టుకుంది. ఠంగుమని చప్పుడొచ్చింది. నేను వెనక నుంచి ఎత్తుతున్నాను, ఆమె సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయింది. పట్టుచీర మోకాళ్ల పైకి పోయింది. అక్కడున్న మగవాళ్లు చూపు తిప్పుకున్నారు. ఆమె ఏడవలేదు, నా చేతిని మాత్రం గోళ్లు దిగేలా పట్టుకుంది. ముందు నుంచి కొడుకు గొంతు వినిపించింది.

“జర పైలం, డోర్‌కు గీతలు పడ్తయి.”

నేను ఎత్తడం ఆపేశాను. ఆమెను మెల్లగా వెనక్కి తీసి నిలబెట్టాను, చీర సర్దాను. రోడ్డు మీదికి వెళ్లి ఆటో పిలిచాను. గుడి దాకా ఆ తెల్ల బండి ముందు, మా ఆటో వెనక. దాని అద్దాలకు రిబ్బన్లు రెపరెపలాడుతున్నాయి. అత్తమ్మ నుదురు బొప్పి కట్టింది. దాన్ని కొంగుతో అదుముకుంటూ, ముందు పోతున్న బండిని చూస్తూ అంది, “నా కొడుకు బండి వెనుక నుంచి ఎంత మంచిగ కనవడ్తాందే.”

ఆ క్షణంలో ఆమె మీద నాకు జాలి కలగాలి. కలగలేదు. అసహ్యమేసింది. ఆ వెంటనే నా మీద అంతకంటే ఎక్కువ అసహ్యమేసింది. ఆమె మురిసిపోతూ మోస్తోంది, నేను మౌనంగా మోస్తున్నాను, అంతే తేడా. ఆయనను ఇలా తయారుచేసింది ఆమె ఒక్కతే కాదు. వాలు కప్పు కింద ఆయన హాయిగా కూర్చున్నాడంటే, ఆ కప్పుకు ఇటొక గుంజ ఆమె, అటొక గుంజ నేను.

ఫిజియోథెరపీ రోజు రానే వచ్చింది. బండి గేటు లోపల మెరుస్తూ ఉంది. అత్తమ్మ పొద్దున్నే నన్ను పిలిచి, ఆటో మాట్లాడమంది. బండి ఖరాబైతదట, కొడుకు ఫికర్ చేస్తాడట. ఆ మాట విని భానుచందర్ ముఖంలో కనిపించిన నెమ్మది నేను మరచిపోలేను. తల్లి ఎంత మంచిదో అన్నట్టు చూసి, బండి వేసుకుని కాలేజీకి వెళ్లాడు. అమ్మ కోసమే కొన్న బండి. నేను ఆటో పిలిచాను, చంకల కింద చేతులు వేసి ఎత్తాను.

ఆ మధ్యాహ్నమే మా పైఅధికారి ఫోన్ చేశాడు. స్టేషన్ ఘన్‌పూర్ కాలేజీలో ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉందన్నాడు. అత్తమ్మ పడ్డ కొత్తలో ఒకసారి అడిగితే నేను వద్దన్నాను. ‘మేడమ్‌లకు ఇంట్ల సమస్యలుంటయి లెండి’ అని అప్పుడు ఓదార్చాడు. ఈసారి కూడా వద్దనడానికి వీలుగా, ముందే తన గొంతులో ఓదార్పు పెట్టుకుని అడిగాడు. సోమవారం చేరతానని చెప్పాను.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఇంట్లో చెప్పాను. పొద్దున రైలుకు పోవాలని, సాయంత్రం వచ్చేసరికి చీకటి పడుతుందని, వంట చేసి పెట్టి పోతాను కానీ మిగతావి చేతకాదని. భానుచందర్ ముద్ద నోటి దగ్గర ఆపాడు. పోస్టు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

“మరి అమ్మను దవాఖానకు ఎవలు తీస్కపోతరు?”

“బండి ఉన్నది కదా. మీరే తీస్కపోండ్రి.”

అమ్మ అందులో ఎక్కలేదని ఆయన అన్నాడు. అన్నాక, తానేమన్నాడో తనకే వినిపించినట్టుంది, కంచంలోకి చూశాడు. అయితే ఆ బండి మార్చుకోమన్నాను, లేదంటే ఆటోలో పక్కన కూర్చుని పట్టుకోమన్నాను. అత్తమ్మ తన గదిలోంచి, “పిల్లగానికి కాలేజి ఉంటది కదా సుభాషిణీ” అంది. పిల్లగాడికి నలభై ఆరేళ్లు. నాకూ కాలేజీ ఉందత్తమ్మా అన్నాను. ఆమె అలిగిందో, ఆలోచనలో పడిందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి గదిలోకి పోలేదు.

సోమవారం కాజీపేటలో రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నడుము వెనక్కి ఆనించి కూర్చుంటే, ఎవరినీ ఎత్తని ఉదయం ఎలా ఉంటుందో ఒళ్లు మెల్లగా తెలుసుకుంటోంది. పత్తి చేలు దాటుతుండగా ఫోన్ మోగింది. భానుచందర్. వెనక ఆటో ఇంజన్ చప్పుడు, డ్రైవర్ ఎవరితోనో ఏదో అంటున్న మాటలు. ఆయన గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

“సుభా, అమ్మకు ఆపరేషనైంది ఏ కాలుకు?”

బండి చక్రాల వెడల్పు, నేలకూ అడుగు భాగానికీ మధ్య ఉన్న ఎత్తు, తలుపుల లోపల దాచిన దీపాల రంగులు, అన్నీ నోటికి చెప్పగల మనిషి. చెప్పబోయి ఆగాను.

“ఆమె మీ పక్కనే ఉన్నది” అన్నాను. “ఆమెనే అడుగుండ్రి.”