ఓటున్న ఇండ్లకే జున్ను

మా అన్న నర్సింహ బల్దియాలో, అంటే మున్సిపాలిటీలో, మెంబరు కావడానికి పోటీలో నిలబడ్డాడని తెలియగానే మా బస్తీ హుస్సేనీ ఆలంలో సగం మంది నవ్వారు. మిగతా సగం నిజమేనా అని అడగడానికి మా కొట్టం దాకా వచ్చారు. వచ్చినవాళ్లకు అన్న బర్రె పొదుగు దగ్గరినుంచి లేవకుండానే జవాబు చెప్పేవాడు.

"నిజమే. బాబురావు గెలిస్తే మన బర్రెలను కట్టెయ్యనీకె జాగ ఉండదు. గందుకే నిలబడ్డ."

బాబురావుకు మా గల్లీలో, పక్క గల్లీలో కలిపి పదకొండు కిరాయి ఇండ్లు ఉండేవి. బల్దియాకు మెంబర్లను ఓట్లతో ఎన్నుకునే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. తాను గెలిస్తే బస్తీలోని బర్రెల కొట్టాలన్నిటినీ ఊరి బయట, సైదాబాద్ అవతలికి పంపిస్తానని ఆయన ఇంటింటికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఈగలు, పేడ, వాసన అన్నాడు. అవి లేవని నేనూ అనను. బర్రెల మధ్య పుట్టి పెరిగిన నాకే వానాకాలంలో ముక్కు మూసుకోవాలనిపించేది.

కాని తెల్లవారకముందే పాలు పితికి, బిందె నెత్తిన పెట్టుకొని ఇంటింటికీ నడిచి పోసేవాళ్లం మేము. సైదాబాద్ అవతలినుంచి నడిచి వస్తే ఇక్కడి పసిపిల్లలు లేచి ఏడ్చి ఏడ్చి అలసిపోయాక గాని మా పాలు అందవు. ఎండాకాలంలో దారిలోనే విరిగిపోతాయి. బండి కొనే తాహతు మాకు లేదు. కొట్టం పోతే మా బతుకు పోయినట్టే. మాదొక్కటే కాదు, మూడిండ్ల అవతల ఉన్న రామ్‌చందర్ కొట్టంతో కలిపి తొమ్మిది కొట్టాల సంగతి అది. తొమ్మిది కొట్టాలవాళ్లూ కూడి, నోట్లో మాట సరిగా రాని మా అన్నను ముందుకు తోశారు. నోరున్నవాళ్లంతా వెనక నిలబడ్డారు.

ఇక నా సంగతి. నా పేరు అంజన్. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. ఉర్దూ మదర్సాలో నాలుగో జమాత్ దాకా చదివాను. ఆ నాలుగు జమాత్‌ల గర్వం నాకు నలభై జమాత్‌లంత ఉండేది. ఎన్నికల కాగితాలు నేనే చదివాను. ఓటర్లకు దావత్ ఇచ్చినా, తిండి గాని తాగుడు గాని పెట్టినా గెలుపు చెల్లదని అందులో ఉంది. అది చదివి అన్నకు వినిపించి, ఓట్లు అయ్యేదాకా వచ్చినవాళ్లకు చాయ్ కూడా పొయ్యొద్దని మా వదిన బాలమ్మకు గట్టిగా చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఓటు అందరికీ లేదు. సొంత ఇల్లున్నవాళ్లకు, పెద్ద కిరాయి కట్టేవాళ్లకే ఉంది. మేము పాలు పోసే ఇండ్లు అరవై రెండు. అందులో ఓటున్నవి ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒక్క పేర్లూ లిస్టు రాసుకొని జేబులో పెట్టుకొని తిరిగేవాణ్ని.

ఓట్లకు ఇంకా మూడు రోజులుందనగా మా పెద్ద బర్రె ఈనింది.

బర్రె ఈనిన తర్వాత మొదటి మూడు రోజుల పాలు మేము అమ్మం. అమ్మితే దూడకు మంచిది కాదని మా తాత కాలంనుంచి ఉన్న మాట. ఆ పాలతో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, పాలు పోసే ప్రతి ఇంటికీ మోదుగాకు దొప్పలో పెట్టి పంచాలి. పూటకు సేరు పాలు తీసుకునే ఇంటికైనా, పావుసేరు తీసుకునే ఇంటికైనా ఒకటే ముక్క. అది పెట్టుబడి కాదు, మర్యాద కూడా కాదు. పాలు తాగే ఇంటికి ఆ బర్రె మీద ఉండే హక్కు. అందుకే కాగితంలో తిండి పెట్టొద్దని చదివిన నాకు జున్ను తిండి కిందికి వస్తుందని తట్టనే లేదు. చాయ్ ఆపించాను గాని జున్ను గురించి ఆలోచించలేదు. ఆలోచించింది వేరే.

"వదినె, గీసారి జున్ను ఓటున్న ఇండ్లకే పంచుదం" అన్నాను. "అరవై రెండు ముక్కలు కోస్తే నాలికకు గూడ అంటదు. ముప్పై ఒక్కటి కోస్తే మంచిగ పెద్దగ వస్తయి. తిన్నోళ్లకు యాదుంటది."

బాలమ్మ గరిటె ఆపి నన్ను చూసింది. "పాలు అందరికి పోసి జున్ను కొందరికి పెడుతరా? ఏంది అంజన్ గిది?"

"ఇంకో బర్రె గూడ సూడితోనే ఉంది గద. గది ఈనినంక అందరికి పెడుదం. ముందుగాల కొట్టం దక్కనియ్యి."

"రుక్మిణమ్మకు?"

"ఆమెకు ఓటు లేదు గద వదినె."

రుక్మిణమ్మ భర్త పోయిన మనిషి. బాబురావు ఇండ్లలోనే ఒక గదిలో ఒంటరిగా ఉంటూ నలుగురిండ్లలో పిండి విసిరి బతికేది. మా నాయన ఉన్నప్పటినుంచీ రోజూ పావుసేరు పాలు మా దగ్గరే. మా అమ్మ చచ్చిపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దినాలు అయ్యేదాకా నాకు అన్నం కలిపి పెట్టింది ఆమే. ఇదంతా అప్పుడు నాకు గుర్తులేదా అంటే ఉంది. లిస్టులో ఆమె పేరు లేదు, అంతే.

వదిన ముప్పై ఒక్క ముక్కలే కోసింది. అన్న ఆ రోజంతా మొఘల్‌పురా వైపు ఓట్లు అడగడానికి పోయాడు, అతనికి ఈ సంగతే తెలియదు. దొప్పలు గంపలో పెట్టుకొని నేనే పంచి వచ్చాను. ప్రతి ఇంట్లో నర్సింహ పేరు చెప్పి మరీ ఇచ్చాను.

అన్న పందొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. తొమ్మిది కొట్టాల్లో ఆ రోజు బర్రె కొమ్ములకు పసుపు, కుంకుమ. డప్పులు కొట్టుకుంటూ గల్లీ అంతా తిరిగాం. నేను ముందు నడిచాను.

వారం తిరగకుండా బాబురావు ఫిర్యాదు పెట్టాడు. ఓటర్లకు జున్ను పెట్టి ఓట్లు కొన్నారు, ఈ గెలుపు చెల్లదు అని. మొదట నవ్వుకున్నాం. మాకు తెలిసిన వకీలు గుండయ్య గారి దగ్గరికి పోతే ఆయన నవ్వలేదు.

"మీ ఆచారమని చెప్పొచ్చు. పాలు పోసే ఇండ్లన్నిటికి పంచిన్రు గద? గట్లయితె ఏం ఫికర్ లేదు. ఓటున్నోళ్లకే ఇచ్చి, లేనోళ్లకు ఇయ్యలేదని తేలితే మాత్రం గెలుపు పోతది."

అన్న ధీమాగా "అందరికి పంచినం" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఇంటికి వచ్చాక అంతా చెప్పాను. అన్న నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేదనిపించింది.

"పాలు పోసే ఇంటికి జున్ను ఇయ్యలేదార?" అని మాత్రం అడిగాడు.

బాబురావు తెలివైనవాడు. ఓటు లేని మిగతా ఇండ్లవాళ్లెవరూ మా మీద సాక్ష్యానికి రాలేదు. తన కిరాయిదారు, ఓటు లేని మనిషి, మా దగ్గర పాలు తీసుకునే మనిషి అని రుక్మిణమ్మను తన తరఫున సాక్షిగా రాయించాడు. ఆమె జున్ను రాలేదని ఒక్క మాట అంటే చాలు. అన్న ఆ సంగతి తెలిసి కూడా, "ముసలామెను అబద్ధం ఆడుమని ఎవ్వరు అడుగొద్దు. పోతే పోనియ్యి" అన్నాడు. నేను వినలేదు. మరునాడు పాలు పోయడానికి పోయినప్పుడు ఆమె గది ముందు నిలబడి అడిగేశాను.

"పెద్దమ్మా, జున్ను వచ్చిందని చెప్పు. లేకుంటె కొట్టాలన్ని పోతయి."

ఆమె గిన్నె చాపి పాలు పోయించుకుంది. "పో, నాకు పనుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

విచారణ రోజు తొమ్మిది కొట్టాలవాళ్లం మధ్యాహ్నం పాలు పితకడం కూడా వదిలి బల్దియా కచేరీలోనే నిలబడ్డాం. బర్రెలు కొట్టంలో అరుస్తుంటాయని తెలుసు, అయినా ఎవరికీ కాళ్లు కదలలేదు. రుక్మిణమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకొని వచ్చింది. బాబురావు ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. విచారణ చేసే సాబ్ ఉర్దూలో అడిగాడు. నీ ఇంటికి వీళ్ల పాలు వస్తాయా? వస్తాయన్నది. మరి ఆ రోజు జున్ను వచ్చిందా?

"ఆయా సాబ్, వచ్చింది" అన్నది రుక్మిణమ్మ.

బాబురావు లేచి నిలబడ్డాడు. ఆమె అబద్ధం చెబుతోందని అరిచాడు. సాబ్ అతణ్ని కూర్చోమని, వచ్చిన జున్ను ఎలా ఉందో చెప్పమని ఆమెను అడిగాడు.

"బెల్లం తక్కువ, మిరియాలు మస్తు. ఆళ్లింట్ల ఎప్పుడు గట్లనె వండుతరు."

పక్కనున్న మున్షీ ఆ మాట ఉర్దూలో చెప్పాడు. సాబ్ నవ్వి రాసుకున్నాడు. ఇంటి యజమానికే వ్యతిరేకంగా చెప్పిన కిరాయిదారు మాటను ఎవరు కాదంటారు? ఫిర్యాదు కొట్టేశారు.

బయటికి రాగానే నేను పరుగున పోయి రుక్మిణమ్మ కాళ్లకు దండం పెట్టబోయాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నీ కోసం చెప్పలే అంజన్. కొట్టాలు సైదాబాద్ అవతల పడితె గీ గల్లీల పసిపోరగాండ్లకు తెల్లారంగనే పాలు ఎవరు తెస్తరు? గందుకు చెప్పిన."

"ఏదైతేంది పెద్దమ్మా, మమ్ముల నిలబెట్టినవ్."

"ఆగు. బర్రె ఈనిందని ఇన్న. గిన్నె కడుక్కొని దర్వాజల కూసున్న. నువ్వు గంప పట్టుకొని నా ముందలికెల్లి పోయి పక్కింటి కాడ ఆగినవ్. మల్ల నా ముందలికెల్లే ఎనుకకు పోయినవ్. నా దిక్కు సూడలే. ఎవరన్న సూస్తరేమోనని నేను గిన్నెను కొంగు కింద దాసుకున్న. నాకు ఓటు లేకపోతే లేకపాయె. నేను మీ పాలు తాగలేదార?"

వెనక నిలబడ్డ అన్న అంతా విన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపటికెల్లి నాకు పాలు పొయ్యకు" అన్నది ఆమె. "రామ్‌చందర్ తాన పోయించుకుంట."

నెల తిరక్కముందే బాబురావు ఆమె చేత గది ఖాళీ చేయించాడు. మా కొట్టం పక్క గది ఇస్తామని అన్న స్వయంగా పోయి బతిమాలాడు. రానన్నది. రామ్‌చందర్ వాకిట్లో ఒక మూల గదిలో చేరింది. అన్న మెంబరుగా ఉన్నన్నాళ్లూ కొట్టాల జోలికి ఎవరూ రాలేదు. కలిసినవాళ్లంతా నన్ను మెంబరు తమ్ముడని పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు రామ్‌చందర్ ఇంటివైపు చూడాలంటే సిగ్గయ్యేది.

అప్పుడు సూడితో ఉన్న చిన్న బర్రె మరుసటి సంవత్సరం ఈనింది. వదిన ముక్కలు కోసింది, ఎవరికీ తక్కువ కాకుండా. దొప్పలన్నీ నేనే పంచాను. ఆఖరి దొప్ప పట్టుకొని వదిన తానే రుక్మిణమ్మ దగ్గరికి పోయింది. కాసేపటికి ఆ దొప్పతోనే తిరిగి వచ్చింది.

"తీసుకోలేదా?" అని అడిగాను.

"మంచిగనె మాట్లాడింది. కూసో అన్నది, నీళ్లిచ్చింది. జున్ను మాత్రం ముట్టలే. పాలు పోసే ఇంటికే గద జున్ను పెట్టేది, నీ పాలు నా ఇంటికి రావు గద బిడ్డా అన్నది."

వదిన ఆ దొప్పను నా ముందు పెట్టి కొట్టంలోకి వెళ్లిపోయింది. నేను ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాను. బెల్లం తక్కువ, మిరియాలు మస్తు, ఆమె చెప్పినట్టే.