పొగ మీటరుకి ఆయుధపూజ

నేను ఒక పొగ మీటరును. నాకు ముక్కు తప్ప వేరే అవయవం లేదు. ఎక్కడో చలిదేశంలో పుట్టాను. నన్ను తయారుచేసిన ఇంజనీర్లు నా ముక్కు ఎక్కడ పాడవుతుందోనని ఏళ్ల తరబడి తుమ్మకుండా పనిచేశారట.

విజయనగరం దగ్గర ఇనుము కరిగించే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి నన్ను కొన్నది. ఇష్టపడి కొనలేదు. పెద్ద కంపెనీలన్నీ ఏటేటా కార్బన్ తగ్గించాలని, హద్దు దాటితే జరిమానా కట్టాలని కొత్త నిబంధన వచ్చింది. ఎంత వదులుతున్నారో తెలియాలంటే నేనుండాలి. నా ఖరీదు విన్నప్పుడు మేనేజరు రామభద్రం గారు బాగానే ఉన్నారు గానీ, ఆయన కూర్చున్న కుర్చీ తట్టుకోలేక కూలిపోయింది. ఆ నెలంతా క్యాంటీన్ సాంబారు ఎంత పల్చబడిందంటే, గిన్నె అడుగున చెక్కిన కంపెనీ పేరు సాంబారు పోశాక ఇంకా స్పష్టంగా కనిపించేది. తర్వాత పొగకి జల్లెడ కొన్నారు, జల్లెడకి ఫ్యాను కొన్నారు, ఫ్యానుకి కరెంటు చాలక డీజిల్ జనరేటరు కొన్నారు. కార్బన్ ఎలా తగ్గించాలో చెప్పడానికి ఒక సలహాదారు వారంవారం ఢిల్లీ నుంచి విమానంలో వచ్చి, టిఫిను చేసి, విమానంలోనే వెళ్లిపోయేవాడు. నాకేమీ అర్థమయ్యేది కాదు. నన్నెవరూ అడగలేదు కూడా.

నన్ను చూసుకునే అమ్మాయి సువర్చల, కాంట్రాక్టు ఇంజనీరు.

"ఈ ఏడాది హద్దు లోపల ఉంచమ్మా, పర్మనెంటు చేయించే పూచీ నాది. దాటిందా, నీ కాంట్రాక్టు పొడిగించమని హెడ్డాఫీసుని అడిగే మొహం నాకుండదు" అన్నారు రామభద్రం గారు.

అప్పటినుంచి ఆ అమ్మాయి నా అంకె చూడనిదే టీ ముట్టేది కాదు. అంకె హద్దు లోపలే ఉంటూ వచ్చింది. ఇంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ రోజు ఫ్యాక్టరీలో కొలిమి నుంచి స్క్రూడ్రైవరు దాకా అన్నిటికీ సెలవు. నాకు తప్ప. నన్ను క్షణం కూడా ఆపకూడదు. నా అంకె సర్కారు ఆఫీసు తెర మీద ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. అలాంటి నన్ను ఫోర్‌మన్ పైడన్న పొగగొట్టం నుంచి ఊడదీసి తెచ్చాడు. అక్కడ పూజ చేసేది ఆయనే.

"దీన్నెందుకు దించారు పైడన్న గారూ?" అంది సువర్చల.

"అన్నిటికీ బొట్టెట్టి దీనికెట్టకపోతే ఏటి బాగుంటాది మేడమ్? ఏడాదంతా మన పీక మీదున్న కత్తి ఇదే కదా. ఆయుధమంటే ఇదే."

"ఆన్‌లో ఉంది మరి."

"ఉండనీండి. కొలిమి సల్లారిపోనాది. ఇంక కొలవడానికేటుంది?"

నిజమే కదా అనుకుంది ఆ అమ్మాయి. నేనూ అలాగే అనుకున్నాను. నన్ను పీట మీద పెట్టి, పసుపు రాసి, సరిగ్గా ముక్కు కింద సాంబ్రాణి ధూపం పెట్టారు. పైడన్న భక్తి ఆపుకోలేక విసనకర్రతో విసిరాడు కూడా. ముక్కు దగ్గరికి పొగ వస్తే కొలవడమే నా బతుకు. కొలిచాను. కొలిమి ఆరిపోయిన ఆ ఒక్క పూటలో మా ఫ్యాక్టరీ రెండు అగ్నిపర్వతాలంత పొగ వదిలినట్టు తేలింది.

సర్కారు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "ఏమండీ, మీ ఫ్యాక్టరీ ఇంకా ఉందా?"

"ఉందండీ. ఇవాళ సెలవు" అంది సువర్చల.

పండగ కాగానే ఆఫీసరు గారు దిగారు. మీటరు పాడైందని రాసుకోమన్నారు రామభద్రం గారు.

"పాడైతే మీ ఏడాది లెక్కలన్నీ చెల్లవు. పాడవకపోతే జరిమానా. ఏది కావాలి?" అన్నాడు ఆఫీసరు.

రామభద్రం గారు బాగా ఆలోచించి, రెండూ వద్దన్నారు.

"మీటరు మంచిదే సార్. పొగా నిజమే. కాకపోతే అది పూజ పొగ. కావాలంటే మళ్లీ చేసి చూపిస్తాం" అంది సువర్చల.

అంతా అచ్చం అలాగే జరగాలన్నాడు ఆఫీసరు. మళ్లీ పీట, మళ్లీ పసుపు. ధూపం కనపడగానే ఆయన బూట్లు విప్పేశాడు.

"గోత్రం సెప్పండి బాబూ" అన్నాడు పైడన్న. ఆఫీసరు తన పేరూ గోత్రమూ చెప్పి, హారతి కళ్లకద్దుకున్నాడు. నేను మళ్లీ రెండు అగ్నిపర్వతాలు చూపించాను.

"రుజువైంది. పండగ నాటి పొగ కొట్టేస్తున్నాను" అన్నాడు సంతోషంగా.

"మరి ఇప్పటిదో సార్?" అంది సువర్చల.

"ఇవాళ పండగ కాదుగా. ఇది లెక్కలోకొస్తుంది. దీంతో మీరు హద్దు దాటేశారు."

రామభద్రం గారు కిటికీలోంచి బయటికి చూశారు. సువర్చల నా వైపు చూసి, మెల్లిగా అంది.

"సార్, పూజ మీ గోత్రంతో జరిగింది. పుణ్యం మీదైతే, పొగ కూడా మీదేగా."

ఆఫీసరు గబగబా బూట్లు వేసుకున్నాడు. పుణ్యం వదులుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆ పొగ కంపెనీదా, తమ శాఖదా చెప్పమని పైకి రాశాడు. పైవాళ్లు ఇంకా పైకి రాశారు.

ఏడాది ముగిసింది. హద్దు దాటారో లేదో తేలలేదు. ఆ ఫైలు అర్థమైన మనిషి రాష్ట్రం మొత్తంలో సువర్చల ఒక్కతే కాబట్టి, ఆమెని వదులుకునే ధైర్యం హెడ్డాఫీసుకి లేకపోయింది. పర్మనెంటు చేశారు.

నన్ను సాక్ష్యంగా గుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, ఆ ఫైలుతో పాటు సర్కారు ఆఫీసు బీరువాలో పెట్టారు. నన్ను ఆపే అధికారం ఎవరిదో తెలియక ఎవరూ ఆపలేదు. అప్పుడప్పుడు ఎవరో తలుపు తీసి, ఆ ఫైలు చూసి, పెద్దగా నిట్టూర్చి మూసేస్తుంటారు. అదీ కొలుస్తున్నాను. నిట్టూర్పుకి హద్దెంతో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.