మికులోవ్ దాకా

సెలవులకు తీసుకున్న అద్దె గదిలో మిలుషె పొయ్యి తుడుస్తోంది. కాసేపట్లో గది ఖాళీ చెయ్యాలి, మధ్యాహ్నం బస్సు. వెళ్ళిపోయేవాళ్ళు ఇవన్నీ చెయ్యక్కర్లేదని ఇంటావిడ సైగలతో చెప్పింది. కానీ చెక్ దేశపు ఒస్ట్రావాలో బడి వంటగదిలో ఇన్నేళ్ళు గరిటె తిప్పిన చేతులు ఊరుకోవు. ఉడికే పిండిముద్దల ఆవిరికి ఎర్రబడి, గోళ్ళ పక్కన పగుళ్ళిచ్చిన చేతులవి. క్రొయేషియా ఎండకు మోచేతుల పైన నల్లబడింది గాని, అరచేతుల ఎరుపు పోలేదు.

రాత్రి మొదలైన దక్షిణపు గాలి ఇంకా తగ్గలేదు. తడిగా, వెచ్చగా, జ్వరమొచ్చిన మనిషి ఊపిరిలా తగులుతోంది. సముద్రం సీసం రంగుకు తిరిగింది. రేవులో పడవలు గొలుసులు లాగుతూ మూలుగుతున్నాయి.

"ఆఖరిసారి ఒక్క మునక వేసొస్తా," అన్నాడు ఆమె భర్త లూద్విక్, చెడ్డీ మీదే గుమ్మంలో నిలబడి.

"పిచ్చెక్కిందా లూదా? ఆ నీళ్ళు చూడు. చేపలే ఒడ్డెక్కి కూర్చునేట్టున్నాయి."

"ఇంటికెళ్తే ఏముంది? ట్రాము పట్టాలు, నీ పిండిముద్దలు."

"మింగేటప్పుడు లేని బాధ ఇప్పుడొచ్చిందేం?"

నవ్వుతూ వెళ్ళిపోయాడు. ట్రాములు దారి మారే చోట పట్టాల సందుల్లో మంచు గీకి నూనె పోయడం అతని ఉద్యోగం. వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. సముద్రపు ఒడ్డున కూడా నేలలో ఏదో వెతుకుతున్నట్టే నడుస్తాడు. నీళ్ళలో దిగితే మాత్రం ఆ వంపు కనపడదు.

మిలుషెకు ఈత రాదు. తువ్వాలు గుండెకు అదుముకుని గట్టు మీద నిలబడింది. నెరిసిన తల అలల మధ్య తేలింది, మునిగింది, మళ్ళీ తేలింది. తర్వాత చాలాసేపు కనపడలేదు.

"మీ ఆయన ఇంటికి ఈదుకుంటూ వెళ్ళిపోతాడా ఏంటి? బస్సులో నాకో సీటు కలిసొస్తుంది," అని వేళాకోళమాడింది క్వాపిలోవా. అదే బస్సులో వచ్చిన పోస్టాఫీసు ఉద్యోగి. మిలుషె అలల మీంచి చూపు తిప్పలేదు.

చివరికి తిరిగొచ్చాడు. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి. గట్టు మీద కూలబడి, దగ్గు ఆగాక, "చూశావా, సముద్రం కూడా నన్ను వద్దంది," అన్నాడు. మిలుషె తువ్వాలుతో వీపు మీద ఒక్కటి వేసి, ఆ తువ్వాలుతోనే తల తుడిచింది. గండం గడిచిందనుకుంది.

బస్సులో అతనేమీ తినలేదు. కోసిచ్చిన పీచ్ ముక్క చేతిలోనే పట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. దక్షిణపు గాలి వాన తీసుకుని వాళ్ళ వెనకే వచ్చింది. స్లొవేనియా దాటారు. ఆస్ట్రియా సరిహద్దులో పాస్‌పోర్టులు చూసి పంపేశారు.

"మిలూ, వచ్చే ఏడు నీకు ఈత నేర్పిస్తా."

"నేర్పుదువుగానిలే. ముందు కాసేపు పడుకో."

పడుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బస్సు ఆస్ట్రియాలో దారిపక్క కాఫీ హోటలు దగ్గర ఆగింది. అందరూ దిగారు. లేపుదామని మిలుషె అతని చెంప మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల్లి పోయినప్పుడు తాకి చూసిన చల్లదనం అది. పేరు పెట్టి మెల్లగా పిలిచింది. మళ్ళీ పిలిచింది.

అద్దం అవతల వానలో పెద్ద బోర్డు వెలుగుతోంది. దాని మీది జర్మన్ ఒక్క మాటా ఆమెకు అర్థం కాలేదు. అరిస్తే చాలు, ఎవరో వచ్చి లూదాని ఆ వానలోకి దించుకుపోతారు. ఎక్కడికని అడగడానికి కూడా తనకు భాష రాదు. సగం తెరిచి ఉన్న కళ్ళు వేలితో మూసింది. కోటు గడ్డం దాకా లాగింది.

క్వాపిలోవా కాఫీతో తిరిగొచ్చింది. "ఈయనకేమీ వద్దా?"

"పడుకోనివ్వండి. పొద్దున ఈది అలిసిపోయాడు."

బస్సు కదిలింది. మలుపు వచ్చినప్పుడల్లా మిలుషె భుజం అడ్డంపెట్టి అతని తల ఆపింది. అతని చేతిని తన రెండు అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. వెనక సీట్లవాళ్ళు పాట ఎత్తుకున్నారు. క్వాపిలోవా అడవిలో పుట్టగొడుగుల గురించి ఏదో చెప్పి నవ్వితే, తనూ నవ్వింది.

మికులోవ్‌లో చెక్ సరిహద్దు దగ్గర పోలీసు బస్సెక్కాడు. బుగ్గల మీద ఇంకా గడ్డం సరిగా రాని పిల్లవాడు. నమస్కారమని వాళ్ళ చెక్ భాషలోనే అన్నాడు. ఆ ఒక్క మాటకు మిలుషె అరచేతులు రుద్దడం ఆపాయి.

"మీ ఆయన్ని లేపండమ్మా. మొహం చూడాలి."

"లేవడు నాయనా. ఆస్ట్రియాలోనే పోయాడు. మనవాళ్ళ దగ్గరికొచ్చాక చెబుదామని ఆగాను."

పాట ఆగిపోయింది. ఆ కుర్రాడు టోపీ తీశాడు.

డ్రైవరు కాళ్ళ వైపు, పోలీసులు తల వైపు పట్టి దించారు. మిలుషెను సరిహద్దు కార్యాలయంలో బెంచీ మీద కూర్చోబెట్టారు. క్వాపిలోవా కాసేపు పక్కన నిలబడి, ఏడ్చి, వెళ్ళింది. మిగతావాళ్ళు ఇళ్ళకు చేరాలి, బస్సు ఇంజను ఆగలేదు.

బయల్దేరబోతూ డ్రైవరు వానలో పరుగెత్తుకొచ్చాడు. "సీట్లో ఉండిపోయిందమ్మా," అని బెంచీ మీద పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ప్లాస్టిక్కు మెడ దిండు. బస్సెక్కగానే లూద్విక్ బుగ్గలు పొంగించి నోటితో ఊదుకున్నది. బిరడా బిగించే ఉంది, లోపలి గాలి ఇంకా కొంచెం కూడా తగ్గలేదు.