గాలిగొట్టంలో పెన్సిల్

కెనడాలోని సస్కటూన్‌లో వెండెల్ పని ఇళ్లలో గదులకు వేడిగాలి పంపే హీటర్ గొట్టాలు శుభ్రం చేయడం. మార్లిస్ ఇంటి గొట్టంలోంచి బుట్టెడు రంపపు పొట్టు, సున్నపు పలకల ముక్కలు లాగాడు.

"పుట్టినప్పటి నుంచీ మా పాపకి దగ్గే! ఇల్లు కట్టినప్పుడు ఏ వెధవ ఊడ్చి పోశాడో!" అంది మార్లిస్.

పొట్టులో వడ్రంగి పెన్సిల్ ఒకటి కనిపించింది. దానిమీద చెక్కిన పేరు వెండెల్‌దే. అప్పట్లో ఈ వీధి కట్టిన వడ్రంగుల్లో అతనొకడు. చెత్త బయటికి మోయడానికి బద్ధకించి, ఎవడు చూడొచ్చాడని అందరూ నేలలో ఈ గొట్టం తెరుచుకునే గాలికన్నంలోకే ఊడ్చేసేవాళ్లు.

పెన్సిల్ జేబులో వేసుకుని, గొట్టంలో క్రిముల మందు కొట్టాడు.

"చల్లగా ఉండు బాబూ! ఆ వెధవెవడో తెలిస్తే మాత్రం నాకు చెప్పు."

"చెప్తానమ్మా," అన్నాడు వెండెల్. లోపల పాప దగ్గుతూనే ఉంది.