పోయినాడు

పెన్నకు వరదొచ్చి హైవే తెగిన ఏటికి మూడో ఏడు ఇది జరిగింది. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున లాజరస్ ఇల్లు. ఆ వరదకు ముందు వాయుగుండం పట్టినప్పుడు కొడుకు హెబ్రోను బోటు వేసుకొని వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఇంట్లో మిగిలింది లాజరస్, కోడలు షారన్.

లాజరస్ మాట తక్కువ మనిషి. వేరేవాళ్ళ బోటులో వేటకు పోయి వచ్చి, తన వంతు చేపల్ని ఇసుకలో మూడు కుప్పలు పెట్టేవాడు. తనకొకటి, కోడలికొకటి, హెబ్రోనుకొకటి. ఆ మూడోది ఎండబెట్టి దాచేవాడు. ఆ కుప్పను చూసి, మొగుడొస్తాడన్న ఆశతో షారన్ పుట్టింటికి వెళ్ళకుండా ఉండిపోయింది.

ఆ ఏడు ఆమెకు ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి దొరికింది. ఎక్కడిదో కంపెనీ, కంప్యూటరుకు తెలుగు చదవడం నేర్పుతోంది. అది నెట్‌లో వార్తలు చదివి, తనకు తెలిసిన సంగతులు ఒక్కొక్కటే తెర మీద పెడుతుంది. నిజమో తప్పో షారన్ నొక్కాలి.

"బుచ్చిరెడ్డిపాళేనికి పెళ్ళయిందంటా ఉండాది మామా," అంది ఒక సాయంత్రం నవ్వుతూ.

"ఊరికి పెళ్ళేందమ్మా?"

"మధ్యలో రెడ్డి ఉండాది గదా. మనిషనుకుంది."

"మూడో తరగతి చదివిన నేనే నయం," అన్నాడు లాజరస్, వల బాగుచేసుకుంటూ.

తరవాతి వాక్యానికి ఆమె నవ్వలేదు.

"ఏంది పాపా?"

మెల్లగా చదివింది. "లాజరస్ కుమారుడు హెబ్రోను మరణించాడు." అది ఎక్కడ చదివిందో కిందనే ఉంది. వరదప్పుడు ఒడ్డుకొచ్చిన విలేకరికి లాజరస్ చెప్పిన మాట: నా కొడుకు పోయినాడయ్యా.

"వేటకు పోయినాడని గదా మామా నువ్వు చెప్పింది. మన మాట దీనికేం తెలుసు."

లాజరస్ వల మీదికి వంగాడు. ఆమె 'తప్పు' నొక్కింది. కింద ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది. అయితే హెబ్రోను ఇప్పుడెక్కడ ఉన్నాడో రాయమంది.



"యాడుండాడని రాసేది మామా?"

లాజరస్ దారాన్ని పంటితో తెంపాడు.

"వేటకని నేను చెప్పలేదు పాపా. ఆ గాలికి బోటు నిలవదు. అది సరిగానే చదువుకుంది."

"మరి ఆ మూడో కుప్ప?"

"నువ్వు చూస్తా ఉంటివి. అందుకని పెట్టినా."

"నువ్వు పెడతా ఉంటివని నేను చూస్తా ఉంటి," అంది షారన్.

ఆ ఖాళీ గడి మూసి, 'నిజం' నొక్కింది. తెర మీదికి వేరే వాక్యం వచ్చింది. కొడవలూరులో వరి పండుతుంది. అదీ నిజమేనని నొక్కి, కంప్యూటరు మూత వేసింది.

మరునాడు పొద్దున లాజరస్ ఇసుకలో చేపలు పంచాడు. చెయ్యి అలవాటుగా మూడో కుప్ప పెట్టింది. కాసేపు దాని ముందు కూర్చుని, రెండు చేతులతో తీసి కోడలి కుప్పలో కలిపేశాడు.