మొదటి గంట నీడ

నల్గొండలో మేము బషీరున్నీసా ఇంట్లో మూడేళ్లు కిరాయికి ఉన్నాం. ముందువైపు రెండు గదులు మావి, వెనక రెండు వాళ్లవి. మిద్దె ఇద్దరిదీ అని చెప్పే ఇల్లు ఇచ్చింది కానీ, శివరాత్రి దాటి చలి పోయిందంటే మిద్దె మొత్తం ఆమెదే. నేను తడిబట్టలు పట్టుకుని మెట్లెక్కేసరికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెదురుకర్రలు, వాటినిండా వేలాడే సేమ్యాలు. నా బట్టలు పెరట్లో ఆరేసుకునేదాన్ని.

ఆ రోజుల్లో రంజాన్ ఎండాకాలంలో వచ్చేది. రోజా ఉపవాసాలు మొదలయ్యేలోపు చుట్టుపక్కల వీధులన్నిటికీ పండుగ సేమ్యాలు ఈ మిద్దె మీద నుంచే వెళ్లేవి. పాయసానికని మా వాళ్లూ తీసుకునేవాళ్లు. బల్లకు బిగించిన ఇనప మిషనులో పిండిముద్ద పెట్టి పిడి తిప్పితే కింద నుంచి సన్నటి దారాలు దిగేవి. పిండి కలపడం, ఆ దారాలను కర్ర మీదకు ఎత్తడం, ఎండబెట్టడం అన్నీ బషీరున్నీసా చేతిమీదే జరగాలి. పిడి తిప్పడం మాత్రం కోడలు తాహేరా వంతు. ఆలేరు నుంచి కోడలిగా వచ్చి ఏడాది దాటినా ఆ పిల్లను అంతకుమించి ముట్టుకోనివ్వలేదు. నీ చెయ్యి వేడి, దారం తెగుతది అనేది.

అరవై దగ్గర పడ్డ మనిషి, పొద్దున పది నుంచి నాలుగింటి దాకా ఆ ఎండలో నిలబడేది. కర్రలు తిప్పుతూ, ఎండ జరిగిన కొద్దీ వాటిని జరుపుతూ ఉండేది. మధ్యలో ఒక దారం విరిచి చూసేది. అది విరిగిన తీరును బట్టి 'తియ్' అనో, 'ఇంకో గంట' అనో చెప్పేది. నేనున్న మూడేళ్లలో ఆ మాట తప్పయినట్టు ఎవరూ చెప్పగా వినలేదు. ఆమె సేమ్యాలు ఏడాది నిలువ ఉన్నా పురుగు పట్టేవి కావు, పాలల్లో వేస్తే ముద్ద కట్టేవి కావు.

"నాకు ఇద్దరు కొడుకులమ్మా. పెద్దోడు ఎండ, చిన్నోడు యాకూబు. పెద్దోడు చెప్పిన మాట ఇంటడు" అనేది నాతో. టైలర్ పని చేసే యాకూబ్ పక్కనే కూర్చుని నవ్వేవాడు.

ఎనభై ఏడు జనవరి చివర్లో ఆమెకు అక్కి లేచింది. ముందు రెండు రోజులు ఎడమ మెడ, భుజం మంటగా ఉందని అమృతాంజనం రాసుకుంది. మూడోనాటికి నీటిపొక్కులు గుత్తులుగా మెడ వెనక నుంచి భుజం మీదుగా జబ్బ దాకా దిగాయి. పక్కవీధి కుమ్మరి మారయ్య వచ్చి ఎర్రమన్ను తడిపి, పొక్కుల చుట్టూ బొమ్మ గీసి, మూడు పొద్దులు రాయాలన్నాడు. అక్కి తల, తోక కలిస్తే మనిషి దక్కడని ఎవరో అన్నారు. ఆ మాట విన్న యాకూబ్ ఆ సాయంత్రమే తల్లిని రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లాడు.

అక్కడ ఒక లేడీ డాక్టరు చూసింది. మన్నును చల్లటి నీళ్లతో మెల్లగా కడిగించి, గులాబీ రంగు పూతమందు, నొప్పికి గోలీలు ఇచ్చింది. పొక్కులు చిదమొద్దని, మెత్తటి నూలుబట్ట తప్ప ఏదీ తగలనివ్వొద్దని చెప్పింది. పొలుసులు రాలి కొత్త చర్మం వచ్చాక కొన్ని నెలలు దానికి ఎండ తగలకూడదని మరీ మరీ చెప్పింది. తోడు వెళ్లిన తాహేరా అన్నీ శ్రద్ధగా విన్నది. చివరి మాట విన్నప్పుడు అత్త ముఖం ఎట్లా మారిందో కూడా చూసింది.

ఆ నెలంతా ఆ పిల్ల చేసిన సేవ గురించి నేను ఇప్పటికీ మా ఇంట్లో చెబుతుంటాను. అత్తకు జాకెట్ గుడ్డ తగిలితే నిప్పు తగిలినట్టు ఉండేది. తాహేరా తన పాత మెత్తటి ఓణీ చింపి, ఎడమ భుజం లేకుండా, పక్కన ముడివేసే జాకెట్ కుట్టించింది మొగుడితో. పొద్దున, సాయంత్రం చల్లటి నీళ్లలో గుడ్డ ముంచి అద్దేది. పొలుసులు ఊడాక కొబ్బరినూనె వేలికొసతో, అసలు వేలు ఆనిందా లేదా అన్నంత తేలిగ్గా రాసేది. అన్నాళ్లూ వేడి చెయ్యి అని పేరుపడ్డ చెయ్యి అది. బషీరున్నీసా ఒక్కసారి కూడా ఆ మాట మళ్లీ అనలేదు.

శివరాత్రి దాటింది. పుండ్లు మానాయి. కొత్త చర్మం లేత గులాబీ రంగులో, ఉల్లిపొరలా మెరుస్తూ ఉంది. అయినా లోపల నరాల పోటు పోలేదు, ఆ చోటు ఎప్పుడూ చెమ్మగా ఉన్నట్టు ఉంటుందని అనేది. ఒకరోజు తాహేరా సంతకు పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. బషీరున్నీసా పైకి పోవడం ఎవరూ చూడలేదు.

తాహేరా తిరిగి వచ్చి ఇల్లంతా వెతికి మిద్దె ఎక్కింది. వెనకే నేనూ వెళ్లాను. ఖాళీ వెదురుకర్రల మధ్య పీట వేసుకుని, భుజం మీది గుడ్డ తీసేసి, సూర్యుడికి వీపు పెట్టి కూర్చుని ఉంది ఆమె. మధ్యాహ్నం దాటింది. రెండు గంటలకు పైనే అయిందట. ఎండ జరిగితే పీట కూడా జరుపుకుంటూ, సేమ్యాల కర్రను ఎట్లా తిప్పుతుందో అట్లా తనను తాను తిప్పుకుంటూ ఉంది.

"చెమ్మ పోవాలె కదా" అంది మమ్మల్ని చూసి, తప్పు చేసినట్టు కాదు, పని చేస్తున్నట్టు. "ఎండకు ఎండనిది ఏముంటది బిడ్డా."

నలభై ఏళ్లు ఆ మిద్దె మీద గడిపిన మనిషి తప్ప ఇంకెవరూ అట్లా అనుకోరు.

సాయంత్రానికి మెడ, భుజం ఎర్రగా ఉబ్బాయి. రాత్రికి జ్వరం వచ్చింది. మర్నాడు కొత్త చర్మం మళ్లీ బొబ్బలెక్కింది. దవాఖానలో డాక్టరు కోప్పడింది. వారం పది రోజులకు ఆ బొబ్బలు తగ్గాయి కానీ, భుజమంతా కాలిన పెనం అడుగులా నల్లగా మాడింది. వానాకాలం దాకా ఎండలోకి పోతే ఈ నలుపు పోదు, నొప్పి కూడా పోదు అంది డాక్టరు.

అప్పటికి మార్చి సగం అయింది. హనీఫా అని నాలుగిళ్ల అవతల ఉండే ఆమె, ఏటా అందరికంటే ఎక్కువ సేమ్యాలు తీసుకునే మనిషి, పరామర్శకు వచ్చింది. మాటల మధ్యలో, బజారులో ప్యాకెట్ సేమ్యాలు వచ్చాయని, ఈ ఏడు నీకు చేతకాకపోతే ఫికర్ చెయ్యకు ఆపా, అవి తెచ్చుకుంటాం అని చెప్పి పోయింది. మంచి మనసుతోనే చెప్పింది. కానీ ఒక్క ఏడు ఆ ప్యాకెట్లకు అలవాటు పడ్డ ఇళ్లు మళ్లీ మిద్దె మెట్లు ఎక్కవని బషీరున్నీసాకు తెలుసు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పిండి కలిపింది. తాహేరా పిడి తిప్పింది. దారాలు దిగాయి. బషీరున్నీసా కుడిచేత్తో వాటిని కర్ర మీదకు ఎత్తి, ఎప్పటిలాగే మెట్లగదిలో, నీడలో ఆనించి, పలుచటి మల్లుగుడ్డ కప్పింది. పచ్చి సేమ్యాలకు మొదటి గంట నీడలోనే. అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. గంట అయ్యాక కర్ర ఎత్తుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని ఎండలోకి బయలుదేరింది.

తాహేరా మెట్లగది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జరుగు" అంది అత్త.

"అత్తమ్మా, పచ్చి సేమ్యాలను ఇప్పుడే ఎండల ఏస్తే ఏమైతది?"

"నాకే పాఠం చెప్తున్నవా?"

"చెప్పుండ్రి, ఏమైతది?"

"పగుల్తది."

"మరి గీ కొత్త తోలు పచ్చిది కాదా? దానికి గంట నీడ సాలదు. దానికి గీ ఎండకాలమంత మొదటి గంటే."

తాహేరా రెండు చేతులూ గుమ్మానికి ఆనించి నిలబడటం కింద మెట్ల మీద ఉన్న నాకు కనబడుతూనే ఉంది. బషీరున్నీసా ఎవరి ముందూ తగ్గిన మనిషి కాదు. చివరికి కర్రను కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు నా సేమ్యాలు ఖరాబు చేస్తవ్" అని మెట్లగదిలో కూర్చుంది.

ఖరాబు చేసింది కూడా. మొదటి వాయి సాయంత్రం తొందరపడి తీసి డబ్బాలో పోసింది. రెండో రోజు మూత తీస్తే ముక్కవాసన. బషీరున్నీసా వాసన చూసి మూతపెట్టి, బర్రెలున్న భద్రమ్మకు ఇచ్చెయ్యమంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తాహేరా రాత్రి నాతో చెప్పుకుంది. రెండో వాయి మరీ ఎక్కువ ఎండిపోయి, కర్ర మీదనే పొడి రాలింది. ఎన్నిసార్లు విరిచి చూసినా ఆ పిల్లకు తేడా తెలియడం లేదు. అత్తకు తెలుసు, కానీ ఆమె ఎండలోకి రాకూడదు. దారాన్ని నీడలోకి తెచ్చి ఇస్తే, ఇంకో చెయ్యి తగిలింది, చల్లబడింది, నాకేం తెలుస్తది అని తోసేసింది.

మూడో వాయి నాడు గాలి లేదు. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. తాహేరా ఎండలో నిలబడి ఒక దారం విరిచింది.

మెట్లగదిలోంచి మాట వచ్చింది. "ఇంకా పచ్చిగ ఉంది."

తాహేరా వెనక్కి తిరిగి చూసింది. అత్త కళ్లు మూసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"కనబడుతుందా మీకు?"

"ఇనబడుతాంది. మెల్లగ తెగింది. మళ్ల గంటకు ఇరువు."

గంటకు మళ్లీ విరిచింది. ఈసారి చప్పుడు నాకు కూడా తేడాగా వినిపించింది, చిన్న ఎండుపుల్ల విరిగినట్టు. లోపల్నుంచి 'తియ్' అన్న మాట వచ్చింది. బషీరున్నీసాకే అది ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. నలభై ఏళ్లుగా చేత్తో చూస్తున్నానని అనుకుందట. చెవితో కూడా వింటున్నదని అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి మిద్దె మీద పని అట్లాగే సాగింది. ఎండలో కోడలు, నీడలో అత్త. తాహేరా ముఖం చుట్టూ తడి తువ్వాలు చుట్టుకుని కర్రలు తిప్పేది. బషీరున్నీసా మెట్లగదిలో మల్లుగుడ్డ కప్పిన సేమ్యాల పక్కనే, అదే గుడ్డలోంచి చింపిన ముక్క భుజం మీద కప్పుకుని కూర్చునేది. మిద్దె మీద ఎండ ఎంత పిలిచినా గుమ్మం దాటలేదు. పెద్దకొడుకును చూడకుండా ఉన్నావే అని నేను ఎగతాళి చేస్తే, వాడు కోడలి మాట ఇంటున్నడు, నా మాట ఇడిసిపెట్టిండు అంది. అంతటి మనిషి ఆ గుమ్మం దగ్గర ఆగడం చూస్తే నాకు గౌరవం కలిగేది. నేనైతే ఆగేదాన్ని కాదేమో.

రోజాలకు నాలుగు రోజుల ముందు ఆఖరి వాయి. హనీఫా తన డబ్బా పట్టుకుని మిద్దె ఎక్కి వచ్చింది. బజారు ప్యాకెట్ ఒకటి వండి చూశారట, పాలల్లో ముద్దయిందట. ఇవి ఇప్పుడే ఇచ్చెయ్యండి అని తొందరపెట్టింది.

తాహేరా ఒక దారం విరిచింది.

బషీరున్నీసా కళ్లు మూసుకుని విన్నది. 'తియ్' అన్నది.

తాహేరా కదల్లేదు. ఇంకో దారం విరిచింది, తన చెవి దగ్గర పెట్టుకుని. తర్వాత అత్త వైపు తిరిగి, "ఇంకో గంట" అంది.

హనీఫా నవ్వబోయి ఆగింది. నేను బషీరున్నీసా ముఖం చూశాను. ఆమె భుజం మీది గుడ్డ సవరించుకుని, హనీఫా చేతిలోని ఖాళీ డబ్బా తీసుకుని తన పక్కన పెట్టుకుంది.

"కూసో హనీఫా" అంది. "గంటసేపు నీడకు కూసో."