చూడనిదానికి సాక్ష్యం

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో ఓ ఆసుపత్రి. అక్కడి మగవాళ్ల మానసిక వార్డులో నర్సుగా చేరిన నాలుగు నెలలకే రొవేనాను జుదిల్ అనే రోగి బుట్టలో వేసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

"మమ్మల్ని మనుషులుగా చూసేది నువ్వొక్కదానివే అక్కా," అనేవాడు. ఆమె పొంగిపోయేది. జుదిల్ ఎవరితో ఏమన్నా సరే, డ్యూటీ మారేటప్పుడు అందరి ముందూ చెప్పి తీరాలని పెద్ద నర్సు క్లారిటా నియమం పెట్టింది. ఈ పొగడ్తను మాత్రం రొవేనా దాచుకుంది, వెర్రి మాలోకం.

ఓ సోమవారం అతను మణికట్టు మీద కమిలిన మచ్చ చూపించాడు. "బెర్టింగ్ ముసలాయన మెలిపెట్టాడక్కా. నా మాట ఎవరు నమ్ముతారులే, వదిలెయ్."

వదిలెయ్ అన్నాడు కాబట్టే ఆమె వదల్లేదు. ఫిర్యాదు రాసింది. 'కళ్లారా చూశారా?' అన్న చోట కాసేపు ఆగి, అవునని రాసేసింది. ఇరవై ఆరేళ్లుగా రోగులకు స్నానాలు చేయించి, గడ్డాలు గీసిన వార్డుబాయ్ బెర్టింగ్‌ను బట్టలుతికే షెడ్డుకి పంపేశారు.

గురువారం మధ్యాహ్నం ఆమె రొట్టెలు పంచుతుంటే కిటికీ దగ్గర జుదిల్ గొంతు వినిపించింది. ముందురోజే చేరిన నర్సుకి మణికట్టు చూపిస్తున్నాడు. "మమ్మల్ని మనుషులుగా చూసేది నువ్వొక్కదానివే చెల్లీ. ఆ రొవేనా ఎలా మెలిపెట్టిందో చూడు."

రొవేనా రొట్టెల పళ్లెం కింద పెట్టేసింది. ఆ నర్సు వెళ్లాక అతన్ని నిలదీసింది. "బెర్టింగ్ బాబాయ్ మీద కూడా ఇలాగే అబద్ధం చెప్పావా?"

"నాకు రోగముందని మీరే రాసుకున్నారుగా అక్కా. చూశానని రాసింది నువ్వు. నీకేం రోగం?"

మూడింటికి డ్యూటీ మారేటప్పుడు ఆమె తలెత్తలేకపోయింది. "నేనేమీ చూడలేదు. చూశానని అబద్ధం రాశాను."

"ఎందుకే?" అంది క్లారిటా.

"నన్ను మంచిదాన్నన్నాడు."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది. బెర్టింగ్‌ను వెనక్కి పిలుస్తూ చీటీ రాసి, క్లారిటా దాన్ని ఆమె చేతికే ఇచ్చింది.

షెడ్డులో బెర్టింగ్ దుప్పటి పిండుతున్నాడు. చీటీ చదివి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పమ్మాయ్. నేను చేశాననే అనుకున్నావా?"

అవునంటే మరో అబద్ధం.

"నీ గురించి ఆలోచించనే లేదు బాబాయ్."

ఆయన తలూపి, దుప్పటి రెండో కొస ఆమెకు అందించకుండా, ఒక్కడే పిండుకున్నాడు.